రొట్టెలో పోలీసు చీఫ్

జనవరి రెండో తారీఖున మా మేయర్ దోన్ ఎవోదియో బాల్తియెర్రా గారు మునిసిపల్ ఆఫీసు బాల్కనీలో నిలబడి, మత్తుమందుల ముఠాల మీద యుద్ధం నిర్ణయాత్మక దశకు చేరుకుందని ప్రకటించారు. నిర్ణయాత్మక దశకు చేరుకోవడం మాకు ఇది ఏడోసారి. ఏడు ప్రసంగాలూ రాసింది నేనే. మొదటి మూడింట్లో ముఠాలను ఉక్కుపాదంతో అణిచాను. నాలుగో దాంట్లో కూకటివేళ్ళతో పెకలించాను. ఐదు, ఆరు ప్రసంగాల్లో ఉక్కుపాదంతోనే కూకటివేళ్ళు పెకలించాను. ఏడోసారికి సరుకైపోయి, "సాన్ కిరినోలో నేరానికి నిలువ నీడ ఉండదు" అని రాశాను. బాల్కనీ కింద యాభై మంది చప్పట్లు కొట్టారు. అందులో నలభై మంది మా ఉద్యోగులే.

నా పేరు రుతీలియో. మునిసిపాలిటీ సమాచార శాఖకు డైరెక్టర్ని. ఆ శాఖలో నా పైన మేయర్ ఉన్నారు, నా కింద కుర్చీ ఉంది. పదకొండేళ్ళలో ముగ్గురు మేయర్లను పొగిడాను. పార్టీ మారినప్పుడల్లా లెటర్‌హెడ్ రంగు మారింది గానీ విశేషణాలు మారలేదు. చదువు పూర్తయినా కాకపోయినా టై కట్టినవాణ్ణి మా దగ్గర లిసెన్సియాదో అని పిలుస్తారు. నాకు రెండు టైలున్నాయి.

మా ఊరికి ఉత్తరాన కొండ. అక్కడుండేవాళ్ళకు టీవీలో ఏవో పెద్ద పెద్ద పేర్లు చెబుతారు. మేం మాత్రం కొండవాళ్ళు అంటాం. వాళ్ళను పేరుపెట్టి పిలవకపోవడం మా ఊరి మర్యాద. వాళ్ళ ట్రక్కులు దిగివస్తుంటే రోడ్డు పక్కకు జరగడం కూడా మర్యాదే. మర్యాద విషయంలో సాన్ కిరినో ప్రజలకు వంక పెట్టడానికి లేదు.

ప్రభుత్వం తరఫున ఈ యుద్ధం నడపాల్సినవాడు పోలీసు చీఫ్. పద్నాలుగు నెలల్లో మాకు ఐదుగురు చీఫులు వచ్చారు. మొదటాయన తొమ్మిదో రోజున కారు కడిగిస్తూ కాల్పుల్లో పోయాడు. రెండో ఆయన మూడు వారాలు పనిచేశాక ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలియదు. మూడో ఆయన ప్రమాణస్వీకారానికి వస్తూ దారిలో బస్సు మారి, దేశం సరిహద్దులో ఉన్న తిహువానా నుంచి ఫోన్లో రాజీనామా చేశాడు. నాలుగో ఆయన రిటైర్డ్ కెప్టెన్, చాలా ధైర్యస్తుడు. అక్టోబర్లో మంగలి షాపులో, సగం గడ్డంతో పోయాడు. ఐదో ఆయన మాత్రం క్షేమంగా ఉన్నాడు. కొండమీద ఉన్నాడు. అక్కడ సెలవులు ఎక్కువట.

ఐదుగురి గురించీ నేను ఘనంగా రాశాను. ఐదో ఆయన గురించి రాసేటప్పుడు మాత్రం 'అమరుడు' అన్న మాట కొట్టేయాల్సి వచ్చింది.

మూడో తారీఖున గవర్నర్ ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదో తారీఖున ప్రతి ఊరూ గవర్నర్‌కు వీడియోలో తన చీఫ్‌ను చూపించాలి. మా వంతు మధ్యాహ్నం పన్నెండింటికి. చూపించని ఊరిని సైన్యానికి అప్పగిస్తారు. అది చదివి మేయర్ గారు నవ్వారు. చూపించని మేయర్‌కు వచ్చే ఎన్నికల్లో టికెట్ ఉండదని రెండో వాక్యంలో ఉంది. అది చదివి కూర్చున్నారు.

వెంటనే భద్రతా కమిటీ సమావేశమైంది. కమిటీ అంటే ఐదుగురం. మేయర్ గారు, లీగల్ ఆఫీసర్ ఒర్తెన్సియా గారు, పబ్లిక్ వర్క్స్ ఇంజనీరు వుల్ఫ్రానో, ఆరోగ్య కేంద్రం డాక్టర్ నోఎమీ, నేను. వుల్ఫ్రానో కూతురికి జ్ఞానస్నానంలో నేను జ్ఞానతండ్రిగా నిలబడ్డాను కాబట్టి మేమిద్దరం ఒకరినొకరు కొంపాద్రే అనుకుంటాం.

"బయటివాళ్ళెవరూ రామంటున్నారు," అన్నారు మేయర్ గారు. "మనలోనే ఒకరు ఇన్‌చార్జి చీఫ్‌గా ఉండాలి. దేశం పిలుస్తోంది. ఎవరు ముందుకొస్తారు?"

"నాకు షుగరండీ," అన్నాడు వుల్ఫ్రానో.

"బుల్లెట్‌కీ షుగరుకీ సంబంధం ఏంటయ్యా?"

"గాయం మానదండీ."

ఒర్తెన్సియా గారు తనకు కవల పిల్లలున్నారన్నారు. డాక్టరమ్మ, "కాల్పులు జరిగితే కుట్లు వేసేది నేను. నేనే పడిపోతే నన్నెవరు కుడతారు?" అంది. నా వంతు వచ్చింది. నేను పోతే నా సంతాప ప్రకటన రాయడానికి ఊళ్ళో ఎవరూ లేరని వినయంగా మనవి చేశాను.

"ఇది మాత్రం నిజమే," అన్నారు మేయర్ గారు. "కానీ నీకు సంతాపం అవసరమా అని కూడా ఆలోచించాలి."

మేయర్ గారు ఎందుకు చీఫ్ కాకూడదని ఎవరూ అడగలేదు. యుద్ధాన్ని ప్రకటించేవాళ్ళు వేరు, చేసేవాళ్ళు వేరు. ఆ మాత్రం పరిపాలనా జ్ఞానం అందరికీ ఉంది.

చివరికి ఆ మహానుభావుడి బుర్రలోనే మెరుపు మెరిసింది. ఆరో తారీఖు ముగ్గురు రాజుల పండుగ. ఆ రోజు ప్రతి ఆఫీసులోనూ రోస్కా రొట్టె కోస్తారు. గుండ్రంగా, పైన ఎండుపళ్ళ ముక్కలతో ఉండే తియ్యని రొట్టె. లోపల బొటనవేలంత ప్లాస్టిక్ బాలయేసు బొమ్మ దాచి ఉంటుంది. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున, కందెలారియా పండుగనాడు, అందరికీ తమాలెలు, అంటే ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి కుడుములు, పెట్టాలి.

"ఈసారి బొమ్మ దొరికినవాళ్ళు తమాలెలు పెట్టక్కర్లేదు," అన్నారు మేయర్ గారు. "చీఫ్ అయితే చాలు. ఇందులో ప్రజాస్వామ్యం ఉంది, సంప్రదాయం ఉంది. దేవుడి ప్రమేయం కూడా ఉంది."

ఒర్తెన్సియా గారు మినిట్స్‌లో రాసుకున్నారు: బాలయేసు బొమ్మ ఎవరి దగ్గర దొరికితే వారే ఇన్‌చార్జి పోలీసు చీఫ్. ఐదుగురం సంతకాలు పెట్టాం.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న విషయం చెప్పడం నా ధర్మం. మూడేళ్ళుగా మా ఆఫీసు రోస్కాలో బొమ్మ ఎవరికీ దొరకలేదు. తమాలెలు పెట్టాల్సి వస్తుందనే భయానికే బొమ్మను బుగ్గన దాచేవాళ్ళు, పక్కవాడి ముక్కలోకి తోసేవాళ్ళు, కుండీలో పాతిపెట్టేవాళ్ళు ఉన్న ఆఫీసు మాది. నిరుడు కిటికీ దగ్గర కాక్టస్ కుండీ మారుస్తుంటే మూడు బొమ్మలు బయటపడ్డాయి. అలాంటి ఆఫీసు తన ప్రాణాలకు సంబంధించిన నిర్ణయాన్ని అదే రొట్టెకు అప్పగించింది. మా పరిపాలనా దక్షత గురించి ఇంతకంటే రాయనక్కర్లేదు.

రొట్టె చెప్పి రావడానికి నన్నే పంపారు. మా ఊళ్ళో రోస్కా అంటే దోన్యా క్రెసెన్సియా అబార్కా బేకరీదే. ఆవిడ నాకు బాగా తెలుసు. సెప్టెంబరు నుంచి ప్రతి సోమవారం ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరకు వస్తుంది. మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు నడిపే వాళ్ళ తమ్ముడు ఫిదెన్సియో ట్యాంకరుతో సహా మాయమయ్యాడు. మనిషి కనిపించడం లేదన్న ఫిర్యాదు జిల్లాకు వెళ్ళాలంటే దాని మీద మా ఊరి చీఫ్ సంతకం ఉండాలి. సంతకం లేకపోతే వెతకరు. వెతకకపోతే ఆ మనిషి రికార్డుల ప్రకారం కనిపిస్తున్నట్టే లెక్క.

"చీఫ్ గారు వచ్చారా లిసెన్సియాదో?" అని అడిగేది.

"నియామకం ప్రక్రియలో ఉంది దోన్యా."

"పోయిన సోమవారం కూడా ప్రక్రియలోనే ఉందన్నారు."

"ప్రక్రియ అంటే అంతే కదా మరి."

అక్టోబర్లో చీఫ్ ఉన్న రోజున ఆవిడ వరసలో మూడో మనిషి. కెప్టెన్ గారు గడ్డం చేయించుకుని వచ్చి కూర్చుంటానన్నారు. తర్వాత వచ్చిన ఐదో చీఫ్ ఆ కాగితాన్ని చాలాసేపు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కొండెక్కి వెళ్ళిపోయాడు. ఆవిడ మళ్ళీ కొత్త కాగితం రాయించుకుంది. వచ్చినప్పుడల్లా నా బల్ల మీద చక్కెర పెచ్చు బన్ను ఒకటి పెట్టి వెళ్ళేది. బన్ను తినేవాణ్ణి. కాగితం మాత్రం ఎన్నడూ రెండో పేజీ తిప్పి చూడలేదు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం ఆకలిగా ఉండేది.

బేకరీలో ఆవిడ పిండి పిసుకుతోంది. మేయర్ గారి ఆర్డరు చెప్పాను. పెద్ద రోస్కా, లోపల ఒకటే బొమ్మ.

"అంత రొట్టెకి ఒకటేనా? మామూలుగా నాలుగైదు పెడతాం."

ఒకటే ఎందుకో చెప్పాను. పిండిలో ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అంటే బొమ్మ వచ్చినవాళ్ళు చీఫ్. వాళ్ళు సంతకం పెట్టొచ్చు."

"పెట్టొచ్చు."

"తినేది ఎంతమంది?"

"ఐదుగురం."

"సరే," అని మళ్ళీ పిండి పిసకసాగింది.

ఆరో తారీఖు పొద్దున పదకొండింటికి రొట్టె వచ్చింది. మీటరు వెడల్పు. గొడవ పడకుండా కోసుకోవడానికి ఐదు వాటాలకు గుర్తుగా ఐదు అత్తిపండు ముక్కలు అతికించి ఉన్నాయి. మేయర్ గారు తమకు పోటీలో స్థానం లేకపోయినా ఆదర్శం కోసం ఒక వాటా తీసుకుంటామన్నారు. వుల్ఫ్రానో రొట్టెను కింద నుంచి తట్టి చూశాడు. ఒర్తెన్సియా గారు కళ్ళద్దాలు మార్చుకున్నారు. అయినా చివరికి ఎవరి వాటా వాళ్ళు కోసుకోక తప్పలేదు.

రెండో కొరుకులో నా పంటికి చిన్న పాదం తగిలింది.

మనిషి జీవితంలో కొన్ని క్షణాల్లో తన అసలు స్వభావం తనకు తెలుస్తుందంటారు. నాకు తెలిసింది. నేను మింగేశాను. వేడి చాక్లెట్ ఒక కప్పు తాగాక అది గొంతు దాటింది, రెండో కప్పుకి రొమ్ము దాటింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కారు కడిగిస్తూ పోయినాయన, సగం గడ్డంతో పోయినాయన ఇద్దరూ కళ్ళ ముందు మెదిలారు. వాళ్ళ సరసన మూడో బులెటిన్‌గా నేను ఉండదలచుకోలేదు.

ఆ రోజు అందరూ భావోద్వేగంతోనే ఉన్నారు. వుల్ఫ్రానోకు పొలమారింది. ఒర్తెన్సియా గారు మూడు కప్పుల చాక్లెట్ ఎడతెరిపి లేకుండా తాగారు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని మెడ నిటారుగా చాచి కూర్చుంది. మేయర్ గారు తమ గుండెల మీద తామే రెండుసార్లు గుద్దుకున్నారు. దేశభక్తి అనుకున్నాను.

"ఎవరికి వచ్చింది?" అన్నారు మేయర్ గారు, కాసేపటికి గొంతు పెగిలాక.

ఎవరికీ రాలేదు. బల్ల మీద ముక్కలు వెతికాం. కింద వెతికాం. కాక్టస్ కుండీ కూడా చూశాం.

"అసలు ఆవిడ బొమ్మే పెట్టలేదేమో," అన్నాడు వుల్ఫ్రానో.

అందరం ఒక్క గొంతుతో ఔనన్నాం. మా కమిటీ చరిత్రలో చర్చ లేకుండా ఏకగ్రీవమైన తీర్మానం అదొక్కటే.

మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరమ్మను చాటుగా కలిశాను.

"నా స్నేహితుడొకడు పొరపాటున చొక్కా గుండీ మింగాడు డాక్టరమ్మా. కాస్త పెద్ద గుండీ."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ రోజు ఇది నాలుగోది. లాయరమ్మ చెల్లెలు ఒకటి మింగిందట. ఇంజనీరు బావమరిది ఒకటి. మేయర్ గారి డ్రైవరు ఒకటి."

"ఎక్స్‌రేలో కనబడుతుందా?"

"ప్లాస్టిక్ కనబడదు."

"గుండీ ప్లాస్టిక్కని నేను చెప్పలేదే."

"నేనూ ఏమీ అడగలేదు," అని ఆవిడ ఒక సీసాలో ఆముదం పోసిచ్చింది. "వాళ్ళకు చెప్పిందే మీకూ చెబుతున్నా, ఎల్లుండి పొద్దున పదింటికి తాగమనండి మీ స్నేహితుణ్ణి. అప్పటికి గుండీ సగం దారి వచ్చుంటుంది. ఓ రెండు గంటల్లో పని చేస్తుంది." ఇంకో సీసా నింపి తన హ్యాండుబ్యాగులో పెట్టుకుంది. ఇంతమంది గుండీలు మింగుతున్నారంటే రెడీమేడ్ బట్టల నాణ్యత మీద ప్రజలను హెచ్చరిస్తూ ఒక ప్రకటన రాయాలనుకుంటూ ఇంటికి వచ్చాను.

ఏడో తారీఖు పొద్దున ఏడింటికి ప్రభుత్వం దెబ్బ కొట్టింది. మేయర్ గారు రప్పించిన ముప్పై మంది సైనికులు రెండు కవచ వాహనాల్లో వెళ్ళి దోన్యా క్రెసెన్సియాను బేకరీలో అరెస్టు చేశారు. ఆరోపణ: బొమ్మ లేని రొట్టె సరఫరా చేసి రాజ్యాంగబద్ధమైన నియామకానికి భంగం కలిగించడం. పద్నాలుగు నెలల్లో మా ఊళ్ళో జరిగిన మొదటి అరెస్టు అది. కవచ వాహనాలు మలుపు దగ్గర కొండ వైపు పోకుండా ఎడమకు తిరిగి సురక్షితంగా బేకరీకి చేరుకున్నాయని నా బులెటిన్లో ప్రత్యేకంగా ప్రస్తావించాను.

పదింటికి విలేకరుల సమావేశం. ఆవిడను మధ్యలో నిలబెట్టి, ముందు బల్ల మీద పట్టుబడిన సరుకు పేర్చారు. అప్పడాల కర్ర ఒకటి, కత్తులు మూడు, తెల్లటి పొడి రెండు బస్తాలు, ప్లాస్టిక్ బాలయేసు బొమ్మలు రెండు వందల పదకొండు.

"ఆ పొడి ఏంటండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"పరీక్షకు పంపుతున్నాం," అన్నారు మేయర్ గారు.

"చూస్తే మైదాలా ఉందే."

"అదే వాళ్ళ తెలివి."

తర్వాత మేయర్ గారు ఫొటోలకు అనువుగా ఆవిడ వైపు తిరిగి, "బొమ్మ పెట్టావా, లేదా?" అని గద్దించారు.

"పెట్టాను."

"మరి ఏదీ?"

"తిన్నవాళ్ళని అడగాలి కదండీ," అని ఆవిడ మా ఐదుగురి వైపూ వరసగా చూసింది. నా దగ్గరకొచ్చేసరికి నేను టై సర్దుకున్నాను. ఆవిడ తప్పేమీ లేదని రుజువుతో సహా తెలిసినవాణ్ణి నేను. ఆ రుజువు నా కడుపులో ఎక్కడో కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. ఆ సాయంత్రం 'నేరముఠాల సరఫరా వ్యవస్థకు గట్టి దెబ్బ' అని శీర్షిక పెట్టి రెండు పేజీలు రాశాను. చాలా బాగా వచ్చింది. అలాంటివి నాకు ఎప్పుడూ బాగానే వస్తాయి. ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు, అది బొమ్మ వల్లేనని సరిపెట్టుకున్నాను.

ఎనిమిదో తారీఖు పొద్దున సరిగ్గా పదింటికి ఆముదం తాగి ఆఫీసుకు వచ్చాను. పదకొండింటికి గవర్నర్ ఆఫీసు నుంచి అభినందనల ఫోను వచ్చింది. అభినందించాక, అరెస్టు పత్రం పంపమన్నారు. ఒర్తెన్సియా గారు చట్టం పుస్తకం తిరగేసి నుదురు రుద్దుకున్నారు.

"చీఫ్ సంతకం లేకుండా ఈ అరెస్టు చెల్లదండీ. ఆవిణ్ణి ఉంచుకోడానికి లేదు."

"అయితే వదిలేద్దాం."

"వదలాలన్నా చీఫ్ సంతకమే కావాలి."

గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. ముప్పావుగంటలో గవర్నర్ గారు తెర మీదకొస్తారు. మేయర్ గారి మెడ కింద కాలరు తడిసిపోయింది. ఆయన మా నలుగురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశారు. డాక్టరమ్మ తన పర్సులో ఏదో వెతుక్కుంది. వుల్ఫ్రానో షూ లేసులు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. నేను ఎదుటి గోడ మీద జాతీయ జెండాను దీక్షగా చూశాను.

అప్పుడు ఒర్తెన్సియా గారు మినిట్స్ తీసి మళ్ళీ చదివారు. "మనం 'ఎవరి ముక్కలో వస్తే' అని రాయలేదండీ. 'ఎవరి దగ్గర దొరికితే' అని రాశాం."

అందరం ఒక్కసారిగా మూలనున్న బొమ్మల సంచీ వైపు చూశాం.

"ఎన్ని దొరికాయన్నారు ఆవిడ దగ్గర?" అన్నారు మేయర్ గారు నెమ్మదిగా.

"రెండు వందల పదకొండు."

"స్పష్టమైన మెజారిటీ," అన్నాడు వుల్ఫ్రానో.

నా ప్రాణం లేచొచ్చింది. ఇది దాచడం అనవసరం. ఆవిడ ఎన్ని రోజులుంటుందో, ఎలా పోతుందో అందరికీ తెలుసు. అయినా ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమే.

దోన్యా క్రెసెన్సియాను తీసుకొచ్చి బేడీలు విప్పారు. పిండి అంటిన ఏప్రన్ మీదే బ్యాడ్జి పెట్టారు. కెప్టెన్ గారి టోపీ పెట్టబోతే కళ్ళ మీదకు జారింది. తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీకు దక్కిన గౌరవం దోన్యా," అన్నారు మేయర్ గారు. "కాదనకూడదు."

"నా సంతకం చెల్లుతుందా?"

"ఎందుకు చెల్లదు?"

"జిల్లాలో కూడా?"

"దేశమంతా చెల్లుతుంది."

"ఇవ్వండి," అని రిజిస్టరు అందుకుంది. ముందు తన విడుదల మీద తనే సంతకం పెట్టుకుంది. పన్నెండింటికి గవర్నర్ గారు తెర మీదకొచ్చి, అట్టడుగు ప్రజల్లోంచి వచ్చిన మహిళా చీఫ్ రాష్ట్రానికే ఆదర్శమని మూడు నిమిషాలు మాట్లాడి, వేరే ఊరికి వెళ్ళిపోయారు. తెర నల్లబడింది. మేయర్ గారు చేతులు దులుపుకుని లేచారు.

"కూర్చోండి మేయర్ గారూ," అంది చీఫ్.

ఆవిడ జాకెట్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది. సోమవారాల కాగితం. ఫిర్యాదుదారు చోట ఆవిడ సంతకం అంతకుముందే ఉంది. అధికారి చోట ఇప్పుడు పెట్టింది. ముద్ర వేసి, ఊది ఆరబెట్టింది. తర్వాత రెండో పేజీ తిప్పింది.

"మనిషితో ఆఖరిసారి మాట్లాడినవాళ్ళ వాంగ్మూలం ముందు తీసుకోవాలని ఇక్కడ రాసుంది. సెప్టెంబరు పన్నెండు, పొద్దున పదింటికి మా ఫిదెన్సియోకి ఫోనొచ్చింది. నేను పక్కనే ఉన్నాను, వాడికి కాఫీ పోస్తున్నాను. చేసింది మీరే. ట్యాంకరు నింపుకుని కొండమీదికి పొమ్మన్నారు. కొండమీద ఊరు లేదు, బడి లేదు. ఎవరి తోటకండీ ఆ నీళ్ళు?"

మేయర్ గారి చెయ్యి నెమ్మదిగా పొట్ట మీదికి పోయింది.

"నాకు కడుపులో అదోలా ఉంది," అన్నారు.

ఆయన అబద్ధం చెబుతున్నారనుకున్నాను. అదే నిమిషంలో వుల్ఫ్రానో ముఖం పాలిపోయింది. ఒర్తెన్సియా గారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. డాక్టరమ్మ హ్యాండుబ్యాగు పొట్టకు అదుముకుని లేచి నిలబడింది. నా కడుపులో పెద్ద చప్పుడైంది.

"వెళ్ళిరండి," అంది చీఫ్, కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "నేను నాలుగు నెలలు ఆగినదాన్ని, ఇంకో గంట ఆగుతాను. కానీ ఐదుగురూ తిరిగి రావాలి. వాటాకొకటి చొప్పున ఐదు బొమ్మలు పెట్టాను. ఐదుగుర్లో ఒక్కరైనా నాకొచ్చిందని లేస్తారనుకున్నాను. నాక్కావాల్సింది ఒక్క సంతకం."

అందరం తలుపు వైపు పరుగెత్తాం.

మా ఆఫీసుకు ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. నేను వెళ్ళేసరికి మేయర్ గారు లోపల గడియ పెట్టుకున్నారు. ఒర్తెన్సియా గారు, డాక్టరమ్మ, మా కొంపాద్రే వుల్ఫ్రానో గోడకానుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వరసలో నిలబడ్డారు. నేను ఐదోవాణ్ణి. నా వంతు రావడానికి చాలాసేపు పట్టేలా ఉంది. అందువల్ల, కేవలం అందువల్లే, తిరిగి గదిలోకి వచ్చి కూర్చున్నాను. దీన్ని ధైర్యమని ఎవరైనా రాస్తే నమ్మకండి.

ఆవిడ తెల్ల కాగితాల బొత్తి నా ముందుకు తోసింది. "రాయండి లిసెన్సియాదో."

"ఏమని మొదలుపెట్టను?"

"పేరుతో."

ఫిదెన్సియో అబార్కా అని రాశాను. ముప్పైనాలుగేళ్ళు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, ఆ రోజు బూడిదరంగు చొక్కా. ఆవిడ చెబుతోంది, నేను రాస్తున్నాను. ఎక్కడైనా ఒక విశేషణం వెయ్యాలని చెయ్యి అలవాటుగా ఆగేది, ఏదీ అతకలేదు. 'పంపినవారు' అన్న గడి దగ్గరికొచ్చాక ఆవిడ చెప్పడం ఆపేసింది. నేను తలుపు వైపు చూశాను. వరస అంగుళం కదల్లేదు. ఎవోదియో బాల్తియెర్రా అని రాశాను. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ పేరుకు ముందు దోన్ లేదు, వెనక గారు లేదు.

"కింద సాక్షి అని ఉంది చూడండి," అంది ఆవిడ. "అక్కడ మీ పేరు."

మేయర్ పేరు రాయడానికి పట్టినదానికంటే నా పేరు రాయడానికి చాలా ఎక్కువసేపు పట్టింది.